పెద్దమ్మ కాల్చిన గుల్లలు

మొన్న కొవ్వూరు నుంచి వస్తూ పెద్దమ్మ వాళ్ల ఊరి రాతి క్వారీ దగ్గర కారు ఆపించాను. చుట్టూ ఇనుప కంచె, గేటు, రక్షిత ప్రాంతమని బోర్డు. "రాళ్లకి కాపలా ఏంటే, ఎవరెత్తుకుపోతారు?" అని నవ్వింది, పక్కన కూర్చుని తమలపాకులకు ఈనెలు తీస్తున్న పెద్దమ్మ.

లోపల రాళ్ల మీద పరిశోధన చేసే అమ్మాయి మమ్మల్ని దగ్గరుండి తిప్పింది. కిందా పైనా నల్లరాయి, మధ్యలో తెల్లటి పొర, దాన్నిండా గుల్లలు. నల్లరాయి ఒకప్పుడు పారిన లావా అట. తెల్లది సముద్రం అడుగట! మనిషనేవాడు పుట్టకముందు, కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ అలలు లేచేవట. "మంచి గుల్లలన్నీ ఈ మూలనే ఉండాలండి. ఎవరో తవ్వుకుపోయారు, ఎందుకో తెలీదు" అంటూ ఆ అమ్మాయి ఖాళీగా ఉన్న పెద్ద గొయ్యి చూపించింది. ఎందుకో నాకు తెలుసు.

పెద్దమ్మ కూతురు, మా అక్క, పెళ్లినాటి మాట అది. కాబోయే వియ్యపురాలు గోడను వేలితో రుద్ది చూసే రకం. కొట్లో సున్నం చేతికంటుతుందని పెద్దమ్మ బెంగ. అప్పటికింకా కంచె లేని ఈ కొండలో గుల్లలున్నాయని ఎవరో చెప్పగానే బండ్లు కట్టించింది. "కొండ మీద గుల్లలేంటే?" అని పెదనాన్న నోరెళ్లబెట్టారు. "ఎవరి పెళ్లిలోనో తిని పారబోసుంటారండి. మన పెళ్లికి పనికొచ్చాయి" అంది ఆవిడ. ఊక పోసి బట్టీలో కాల్పించి, నీళ్లలో కుతకుతలాడించి, కాస్త నీలిమందు కలిపి ఇల్లంతా పూయించింది. వియ్యపురాలు రానే వచ్చింది, వేలు పెట్టి రుద్దనే రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు. ఆ పెళ్లిలో పెళ్లికూతురికంటే పెద్దమ్మే వెలిగిపోయింది.

ఇప్పుడు క్వారీలో ఆ గొయ్యి చూసి ఆవిడ నోరు తెరవబోయింది. ఊరుకోమని చెయ్యి నొక్కాను. ఊరుకునే మనిషైతేగా!

"నేనేనమ్మా. అయ్యో, తెలీక కాల్పించేశాను. పడమటింటి గోడకి ఆ సున్నం ఇంకా ఉంది. గీక్కుని తెచ్చుకో తల్లీ, ఏమన్నా పనికొస్తుందేమో" అంది.

ఆ అమ్మాయి కోప్పడలేదు. "కాల్చాక అందులో ఏమీ మిగలదండి మామ్మగారూ" అంది.

తిరుగు దారిలో పెద్దమ్మ ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది, సున్నం రాయకుండానే. నా ఎరుకలో అలా ఎన్నడూ చేయలేదు. కోట్ల ఏళ్లు కొండలో భద్రంగా దాగిన కాలం, పెద్దమ్మ వాళ్లింటి గోడ తెల్లగా కనబడటానికి ఒక్క పెళ్లిలో అయిపోయింది.