అట్ట పాట

ఒక్క పేజీ పెరిగితే ఒక్క కాగితం పెరుగుతుందని నమ్మే రోజుల్లో, మా చర్చి సంఘం పాటల పుస్తకం అచ్చు వేయించే పని నాకు అప్పగించారు. డెబ్బైల చివర సంగతి. జహీరాబాద్‌లో పంతులమ్మను కాబట్టి అచ్చు పని కూడా తెలిసే ఉంటుందని పెద్దల లెక్క. నాకు తెలిసినవి సుద్దముక్కా, నల్లబల్లా.

ఆ పుస్తకంలో మా చిన్నమ్మ కట్టిన పాట ఒకటుంది. ఆమె ఝరాసంగం వైపు పల్లెలో కూలికి పోయేది, చదువు రాదు. జొన్న చేలో కలుపు తీస్తూ కట్టుకున్న పాట అది. ఆమె పాడుతుంటే నేను రాసుకున్నాను. "నా పాట పుస్తకంల వస్తదా బిడ్డా?" అని కనబడినప్పుడల్లా అడిగేది. వస్తుందని మాట ఇచ్చాను. కొత్త పాట కాబట్టి చివర పెట్టాను.

బస్టాండు దగ్గర ప్రెస్సు. దాని యజమానిని ఊరంతా సేటు అనేది. మొదటి మూడు ఫారాలు అచ్చయిపోయి, ఆ సీసపు అక్షరాలు విప్పి అరల్లో వేసేశాక, చివరి ప్రూఫు నా చేతికిచ్చాడు. పుస్తకం ముప్పైరెండు పేజీలని అనుకున్నాం. చిన్నమ్మ పాట ముప్పైమూడో పేజీలో పడింది.

"ఒక్క పేజీయే కద సేటూ, కలుపుండ్రి," అన్నాను.

అతను పాత పేపరొకటి తీసి రెండు మడతలు పెట్టాడు. "గిది సూడుండ్రి టీచరమ్మా. నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు. దీన్నే ఫారం అంటం. మీకు నాలుగు ఫారాలు. ఇంకొక్క పేజీ కావాల్నంటే ఇంకో ఫారం మిషన్ ఎక్కియ్యాలె. ఒక్క పేజీ మీది, తక్కినయన్ని ఖాళీ."

"విడిగ అతికిస్తే?"

"అతికిచ్చిన ఆకు నిలుస్తదా? నాల్గు ఐతారాలకే ఊడుతది."

సంఘం పెద్దలు కూర్చుని ఆలోచించారు. అక్షరాలు చిన్నవి చేద్దామంటే ముసలివాళ్ళకు కనబడవు. చివరి ఫారంలోంచి ఏదో ఒక పాట తీద్దామంటే ప్రతి పాటకూ అక్కడ ఒక చుట్టం కూర్చుని ఉన్నాడు. ముందుమాట రాసిన పెద్దాయన మాత్రం, "నాది తీసెయ్యుండ్రి, ఏం ఫికర్ లేదు," అన్నాడు. అది మొదటి ఫారంలో ఎప్పుడో అచ్చయి ఆరిపోయిందని ఆయనకు బాగా తెలుసు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి కదా, అందరి చూపూ కూలి మనిషి పాట మీద ఆగింది. నాకు ఒళ్ళు మండింది. లేచి మళ్ళీ ప్రెస్సుకు పోయాను.

సేటు కాసేపు గడ్డం గీక్కున్నాడు. "ముందటి అట్ట, ఎన్కటి అట్ట ఒక్కటే కాగితం, ఒక్కటే అచ్చు. ఎన్క ఎట్లన్న ఖాళీయే. అండ్ల వేస్త," అన్నాడు.

చిన్నమ్మకు నా దస్తీ గుడ్డ మడతపెట్టి ఫారం సంగతి చెప్పాను. "అంటే లోపల జాగ లేదు, బయట ఉన్నదంటవ్," అని నవ్వింది.

మా గుడిలో పాటను నంబరుతో పిలుస్తారు. అట్ట మీది పాటకు నంబరు లేదు. పుస్తకాలు పంచిన ఆదివారం పాస్టరు అయ్యగారు ఒక్కో నంబరు చెబుతూ పోయారు. చివరికి ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో, "అయ్యగారూ, అట్ట పాట పాడుదం," అన్నారు. ఆ పేరే నిలిచింది. అప్పటి నుంచి చిన్నమ్మ పుస్తకాన్ని ఎప్పుడూ బోర్లా పట్టుకునే నడిచేది. తోటి కూలీలకు అట్ట చూపించి, "గిది నాది," అనేది. చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. నంబరు లేకపోవడం మాత్రం తలవంపుగా ఉండేది.

ఎనభైల్లో పుస్తకాలు చిరిగిపోయి మళ్ళీ వేయించాల్సి వచ్చింది. ఈసారి ఇంట్లోనే ఫారాలు లెక్క వేసుకుని వెళ్ళాను. కొత్త పాటలతో కలిపి ఐదు ఫారాలు, జాగాకు కరువు లేదు. చిన్నమ్మ పాటను నడిమధ్యలో పెట్టి నంబరు వేయించాను. వెనక అట్ట చూడ్డానికి బాగుంటుందని ఖాళీగా ఉంచాం.

మొదటి ప్రతి తీసుకుని ఆమె ఊరికి వెళ్ళాను. పుస్తకం అందుకుని అలవాటుగా తిరగేసింది. ఖాళీ అట్టను అరచేత్తో తడిమింది.

"నా పాట తీసేసిన్రా బిడ్డా?"

"లేదు చిన్నమ్మా, లోపలికి పోయింది. నంబర్ గూడ పడ్డది," అని పేజీ తెరిచి చూపించాను.

ఆమె ఆ పేజీ చూసింది. పక్క పేజీ చూసింది. ఒక ఆకు తిప్పి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అన్ని ఒక్కతీరే ఉన్నయ్. ఇండ్ల నాదేదో నాకెట్ల ఎర్కైతది?"

నాకు దుఃఖం వచ్చింది. గుర్తుకు పేజీ మూల మడతపెడతానన్నాను. కొత్త పుస్తకం పాడుచేయొద్దంది. గూట్లోని పాత పుస్తకం తీసి, అట్ట పైకి కనబడేలా కొత్తదాని మీద పెట్టింది.