కడుపు నిండుగా ఉందన్న మనిషితో చైనాటౌన్

మా ఆయనకి చైనా చూడాలని ఎప్పటినుంచో పిచ్చి. డెబ్బై దాటాక, ఇన్సులిన్ సూదులు మోసుకుంటూ చైనా ఏమిటని నేను గొడవపెట్టాను. మా చర్చిలో తెలిసినవాళ్ళమ్మాయి షారోన్, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల, "అయితే శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనాటౌన్ చూపిస్తా అంకుల్" అంది. సరే అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. మీరూ పెద్దవాళ్ళతో వెళ్ళేటట్టయితే ఇది చదివి వెళ్ళండి.

శనివారం ఏడింటికి ఆయన ఇన్సులిన్ వేసుకుని నాలుగు ఇడ్లీలు తిన్నారు. ఆ సూది పడ్డాక పన్నెండున్నరలోపు మళ్ళీ తినాల్సిందే. తొమ్మిదింటికి మా అమ్మాయి ఉండే ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కాం. టికెట్ ఏడు డాలర్ల పైచిలుకు. అరవై అయిదు దాటినవాళ్ళ కార్డు ఉంటే అందులో సగం కూడా పడదు. గంటలోపే మాంట్‌గోమరీ స్టేషన్‌లో దిగాం. అక్కడినుంచి పది నిమిషాలు నడిస్తే ఆకుపచ్చ పెంకుల గేటు. గేటు దాటితే వీధంతా ఎర్ర లాంతర్లు, అంతా ఎత్తు. నా మోకాళ్ళ సంగతి ఎవరికి పట్టింది? పక్కన స్టాక్‌టన్ వీధిలో బతికున్న చేపలు, కట్టలు కట్టిన ఆకుకూరలు చూస్తే మాత్రం మన రైతుబజారులో ఉన్నట్టే ఉంది.

పన్నెండింటికి ఒక హోటల్ ముందు షారోన్ ఆగింది. "అంకుల్, లంచ్ చేద్దామా?"

"అబ్బే, వద్దమ్మా. కడుపు నిండుగా ఉంది."

ఏం నిండుగా ఉంది! ఆ పిల్ల డబ్బులిస్తుందని మొహమాటం. రెండోసారి అడుగుతుంది, అప్పుడు ఒప్పుకుందామని ఆయన లెక్క. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా లెక్కా అదే. షారోన్ "ఓకే అంకుల్" అని ముందుకు నడిచింది. తర్వాత సందులో బిస్కెట్లు చేసేచోట ఒకావిడ వేడివేడిగా చేతికందిస్తే, దానికీ "నో, నో, థాంక్యూ" అన్నారు మహానుభావుడు!

ఒంటిగంటకి పార్కులో బెంచీమీద కూలబడ్డారు. చుట్టూ ముసలి చైనావాళ్ళు పేకాడుతున్నారు. ఆయనకి చెమటతో చొక్కా తడిసిపోయి, చేతులు వణుకుతున్నాయి. ఏ ఊళ్ళో ఉన్నామంటే గుంటూరన్నారు. షుగరు పడిపోతే పెట్టడానికి ఉంచుకున్న చాక్లెట్ల కోసం బ్యాగు తెరిస్తే ఏముంది? పాత సంచీ బాగోలేదని మా అమ్మాయి పొద్దున కొత్త బ్యాగు తగిలించింది. చాక్లెట్లు ఆ పాతదాంట్లోనే ఉండిపోయాయి. నా అరుపులకి పార్కంతా తిరిగి చూసింది.

పక్క బెంచీమీద చైనా ముసలావిడ పేక ముక్కలు కింద పెట్టి, సంచీలోంచి పిల్లలు తాగే జ్యూస్ డబ్బా తీసి, గొట్టం గుచ్చి ఆయన నోటి దగ్గర పెట్టింది. అప్పుడు కూడా ఆయన చెయ్యి అడ్డం పెట్టారండీ! ఆవిడ ఆ చేతిమీద ఒక్కటిచ్చి గొట్టం నోట్లో పెట్టేసింది. ఆవిడ చైనా భాషలో, నేను తెలుగులో కలిసి తిట్టాం. పావుగంటకి మనిషి తేరుకున్నారు.

"రెండోసారి అడగొచ్చు కదే?" అని షారోన్ మీద పడ్డాను.

"ఫుల్ అన్నారు కదా ఆంటీ! అంకుల్ లై చెప్తారని నాకెలా తెలుస్తుంది?" కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నా కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచాను.

వెంటనే ఆ హోటల్‌కే వెళ్ళాం. బండిమీద ఆవిరి గిన్నెలు తోసుకొస్తారు, గిన్నె ఆరేడు డాలర్లు. మూత తియ్యకముందే "ఎస్" అన్నాను. రొయ్యల ఉండలు బాగున్నాయి. "బిల్లు మనం..." అని ఆయన మొదలెట్టారు.

"మాట్లాడకుండా తినండి!"

ఒక డబ్బా కట్టించుకుని పార్కుకి తిరిగొచ్చి ఆ ముసలావిడకిచ్చాను. "నో, నో" అని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ వద్దంది. మూడోసారి ఒళ్ళో పెట్టేశాను. నవ్వి తీసుకుంది.

ఆవిడా నేనూ ఒక బాపతే. మా వద్దుకి అర్థం మాకే తెలుసు, మా పిల్లలకి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. ఒక మర్యాద ముక్క కోసం ఆయన ప్రాణం మీదికి తెచ్చుకుంటుంటే పక్కన నోరు మూసుకు కూర్చున్నందుకు నా కోపం ఇప్పుడు నామీదే.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: షుగరున్న మనిషి జేబులోనే ఒక జ్యూస్ డబ్బా పెట్టండి. మీ బ్యాగులో కాదు, ఆయన జేబులో.