ఉట్నూర్‌లో గోగునార రేకులు

1986 మే నెలాఖరున నన్ను కరీంనగర్ నుంచి ఉట్నూర్‌కు పంపారు. అప్పటికి నేను ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. పైమెట్టు రీడర్. అది ఎక్కాలంటే ప్రయోగశాల బయట పనికొచ్చిన పని ఒకటైనా చూపించాలి. నా దగ్గర ఉన్నది గోగునార రేకు. నారను పొరలుగా పరిచి, పాలిస్టర్ రెసిన్ అనే జిగురు ద్రవాన్ని బ్రష్‌తో పట్టించి, గట్టిపడనిస్తే రేకు తయారవుతుంది. బలం నారది, అతుకు రెసిన్‌ది. ఇలాంటివాటిని కాంపోజిట్లు అంటారు. ఇప్పుడు వీటికి పర్యావరణహితం అని బిరుదిచ్చారు. అప్పట్లో చవక రకం అనేవారు.

అక్కడి గిరిజన బాలికల హాస్టల్లో పిల్లలు పడుకునే గదికి గడ్డి కప్పు. వానలు ముదరకముందే దాని స్థానంలో నా రేకులు వేయాలి. రేకులు తయారయ్యాకే గడ్డి దించుదామని వార్డెన్ గారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ముందే దింపించి, సైన్సు మీద నమ్మకం ఉండాలని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

నా పద్ధతి ప్రకారం నారను రెండు రోజులు ఎండబెడితే చాలు. ఆ రెండు రోజుల లెక్క కరీంనగర్‌లో, నడి వేసవిలో, కాలేజీ డాబా మీద కట్టినది. ఆ ఎండకు నారేమిటి, నేనే ఎండిపోయాను. అసలైతే నారను తూచుతూ ఉండాలి. తూకం ఇక తగ్గకపోతే తడి పోయినట్టు. ఆ సున్నితమైన త్రాసు జీపు కుదుపులకు పాడవుతుందని కాలేజీలోనే వదిలి వచ్చాను. ఉట్నూర్‌లో అప్పుడే తొలి జల్లులు పడ్డాయి. ఎండ కాసినా గాలిలో చెమ్మ ఉంది. నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకున్నాను.

హాస్టల్ వంటామె రాజవ్వ పుట్టింటివాళ్లు తాళ్లు పేనేవాళ్లు. మూడో రోజు పొద్దున ఆమె ఒక నార పాయ తీసి చెంపకు ఆనించుకుంది.

"సారూ, గీ నార ఇంక ఆరలే. చెంపకు పెట్టి సూడుండ్రి, సల్లగ తాకుతది. గింత తడి ఉంటే మేం తాడు గూడ పేనం," అన్నది.

ఇది తాడు కాదు, కాంపోజిట్ అని నవ్వాను. ఆమె పప్పు చూసుకోవడానికి పోయింది.

తడి నారకు రెసిన్ పట్టదు. ఈ వాక్యం నేను ఏటా బ్లాక్‌బోర్డు మీద రాసేవాణ్ని. రేకులు కప్పిన వారానికి ముసురు పట్టింది. బుడగలు పూరీల్లా పొంగాయి, ఆ తర్వాత పొరలు విడిపోయాయి. పిల్లలు ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని వంటగదిలోకి చేరారు. ఒక పాపకు జ్వరం వచ్చింది. సిగ్గుతో నాకు అన్నం దిగలేదు. ఆ అన్నం వండిందీ రాజవ్వే.

తన ఊరినుంచి నలుగురిని గడ్డిమోపులతో పిలిపించిందీ ఆమే. రెండు రోజుల్లో పాత కప్పు మళ్లీ లేచింది. నాకు నిచ్చెన పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు.

"గట్టిగ పట్టుండ్రి సారూ, పైన మా తమ్ముడున్నడు," అన్నది రాజవ్వ.

ఆ పనిలో నా మీద ఫిర్యాదు రాలేదు.

మరుసటి ఏడు త్రాసు ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. తూకం ఇక తగ్గదని త్రాసు చెప్పిన పూట, ఎవరూ చూడకుండా నారను చెంపకు పెట్టుకున్నాను. చల్లగా లేదు. ఆ రేకులు నిలిచాయి. వాటి మీద పేపర్ రాసి రీడర్‌నయ్యాను. అందులో చెంప పరీక్షకు 'స్పర్శ ద్వారా తేమ నిర్ధారణ' అని పేరు పెట్టి, నా పద్ధతిగానే రాసుకున్నాను. కృతజ్ఞతల్లో ప్రిన్సిపాల్ గారున్నారు, జీపు ఇచ్చిన ఆఫీసు ఉంది. రాజవ్వ లేదు.

నేర్చుకున్నవి రెండు. ఎండబెట్టడాన్ని రోజులతో కొలవకూడదు. ఎవరు చెప్పిన మాట వారి పేరుతో రాయాలి. మొదటిది మరుసటి ఏడే పాటించాను. రెండోది ఇప్పుడు పాటిస్తున్నాను.