నాకు ఓపిక లేదనే వాళ్లకు, కమలా ఆంటీ గురించి

మా ఇంట్లో నాకో పేరుంది. ఓపిక లేని మనిషి.

నిన్న పొద్దున కమలా ఆంటీ కూతురి మెసేజ్ వచ్చింది. "అమ్మ పోయింది అక్కా. హార్ట్."

మా చిన్నూ పాలు తాగేసి ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టేదాకా ఆ ఒక్క లైనే చదువుతూ నిలబడ్డాను. శుక్రవారమేగా ఫోన్లో అరగంట మాట్లాడారు.

ఈరోజు పదకొండున్నరకి చోవా చూ కాంగ్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ బ్లాక్ కింది నుంచి ఆవిడని తీసుకెళ్తారు. చిన్నూ చెవి టెస్ట్ కూడా ఈరోజే, పదిన్నరకి. నాలుగు నెలలు ఆగితే దొరికిన డేట్.

నేను ఆంటీ దగ్గరికి వెళ్తాను, నువ్వు వాడిని తీసుకెళ్లు అన్నాను మా ఆయనతో.

శ్రీకాంత్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "హాస్పిటల్లో కూర్చోవడం తప్పించుకోడానికి నీకు ఏదో ఒకటి దొరుకుతుంది."

కాకినాడ నుంచి అత్తయ్యగారు ఫోన్లో ఇంకోటి కలిపారు, మైల పట్టే చుట్టరికం కూడా కాదు కదమ్మా అని.

కాదు. చుట్టరికం కాదు. వెయిటింగ్ హాల్లో నా పక్క కుర్చీ ఆవిడ.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. మావాడికి మూడేళ్లు. చెవి లోపల నీరు చేరుతుంది, సరిగా వినపడదు, అందుకే మాటలూ లేటు. హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా ఒక చెక్క ముక్క బకెట్లో వెయ్యమంటారు. దాన్నిబట్టే ఆపరేషన్ కావాలో వద్దో తేలుస్తారు.

హాస్పిటల్‌కి జురాంగ్ వెస్ట్‌లో మా ఇంటి నుంచి బస్సు, ట్రైను, మళ్లీ బస్సు. తొమ్మిదిన్నర అపాయింట్‌మెంట్‌కి పన్నెండుకి పిలుపు.

మొదటిసారి లోపలికి వెళ్లేసరికి వాడు నిద్రపోయాడు. రెండోసారి చెక్క ముక్క తీసి టెస్ట్ చేసే అమ్మాయి మీదికి విసిరాడు. రెండుసార్లూ కాగితం మీద ఒకటే మాట. పిల్లాడు సహకరించలేదు, మళ్లీ రండి.

మళ్లీ అంటే నాలుగు నెలలు.

రెండున్నర గంటలు కూర్చోబెట్టింది వాళ్లు. సహకరించనిది మావాడు. ఇంటికొస్తే, పిల్లాడిని కాసేపు ఆడించే ఓపిక లేనిది నేను.

నా తప్పూ ఉంది. నంబర్ దాటిపోతుందన్న భయంతో కుర్చీ వదిలేదాన్ని కాదు. బాత్రూమ్‌కి కూడా లేవలేదు. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి, మా ఆయన వెనక డిపెండెంట్ పాస్ మీద ఈ దేశానికొచ్చి, గోడ మీద ఎర్ర అంకెలు చూస్తూ కూర్చున్నాను.

మూడోసారి పక్కన కూర్చున్నది ఆంటీ. మనవరాలి చెవి చూపించడానికి వచ్చారు. ఆవిడ తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ తెలుగులో సగం తమిళం, కాస్త మలయ్. ముప్పై ఏళ్లు స్కూల్ క్యాంటీన్‌లో వండిన మనిషి కాబట్టి గొంతు మాత్రం హాలు చివరిదాకా వినపడుతుంది.

చిన్నూ నేల మీద దొర్లుతున్నాడు. నేను బోర్డు చూస్తున్నాను.

"బిడ్డకి మకాన్ అయిందా మా?" అని అడిగారు. తిండి తిన్నాడా అమ్మా అని.

లేదు, నంబర్ పోతుందని అన్నాను.

ఆవిడ నన్నో చూపు చూసి, మా రెండు కుర్చీల మీద రెండు టిష్యూ ప్యాకెట్లు పడేశారు. ఈ ఊళ్లో అవి ఉంటే ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు. తర్వాత నా రెక్క పట్టుకుని కౌంటర్ దగ్గరికి నడిపించారు.

కౌంటర్ అమ్మాయికి నిదానంగానే చెప్పారు. వీడు ఏడిస్తే మీ టెస్టే వేస్ట్, కిందికెళ్లి తినిపించుకొస్తాం, ముందు ఎంతమంది ఉన్నారో చెప్పు, పిలిచే ముందు ఈ అమ్మాయికి ఫోన్ చెయ్యి.

ఆ అమ్మాయి నా నంబర్ రాసుకుంది. పదకొండు మంది ఉన్నారంది. గొడవ లేదు, ఏం లేదు.

అది అడగొచ్చని మూడు అపాయింట్‌మెంట్లలో నాకు తట్టనే లేదు.

కింద పరాటా తిని, పిల్లలిద్దరూ మెట్ల దగ్గర పరిగెత్తి, ఫోన్ వచ్చాక పైకెళ్లాం. మావాడు వినపడిన ప్రతిసారీ చెక్క ముక్క బకెట్లో వేశాడు. కుడి చెవి బాగుంది, ఎడమది ఇంకోసారి చూడాలన్నారు.

ఆ ఇంకోసారే ఈరోజు.

బయటికొచ్చి ఏడ్చేశాను. మా ఇంట్లో అందరూ నాకు ఓపిక లేదంటారు ఆంటీ అన్నాను.

"ఓపిక నీకు ఎక్కువైపోయింది మా. నీకు అడగడమే రాదు" అన్నారు.

నన్ను అంత సరిగ్గా ఎవరూ తిట్టలేదు.

కానీ ఆంటీ, మీ మీద కూడా నాకు కోపమే.

గుండె డాక్టర్ దగ్గర తన అపాయింట్‌మెంట్ ఆవిడ రెండుసార్లు వాయిదా వేసుకున్నారు. రెండుసార్లూ మనవరాలి డేట్ అదే రోజు పడిందట. పాపని వాళ్లమ్మ తీసుకెళ్తుంది, మీరు వెళ్లండి అని శుక్రవారం గట్టిగానే చెప్పాను. "దానికి ఆఫీసు మా, నాకేం పని" అని నవ్వేశారు.

కౌంటర్‌లో ఎవరినైనా అడగగలిగిన మనిషి, కన్నకూతుర్ని ఒక్క పూట సెలవు పెట్టమని అడగలేదు. అడిగితే పెట్టేదాన్ని అక్కా అని నిన్న ఫోన్లో ఆ కూతురు ఒకటే ఏడుపు.

ఈ పొద్దున శ్రీకాంత్ మళ్లీ మొదలుపెట్టాడు. ఇది కొత్త సాఫ్ట్‌వేర్ మొదలయ్యే గో-లైవ్ వారం, సెలవు దొరకదు అని.

అడిగావా అన్నాను.

అడగలేదు.

నా ముందే మేనేజర్‌కి ఫోన్ చేశాడు. ఆయన సరే అన్నాడు. నిమిషం పట్టలేదు.

కమలా ఆంటీ, ఇక ఎవరి పనీ నెత్తినేసుకోకుండా చల్లగా పడుకోండి.

చిన్నూతో ఈరోజు హాస్పిటల్లో కూర్చునేది వాళ్ల నాన్న. ఇకమీదట ఒకసారి ఆయన, ఒకసారి నేను. నేను చోవా చూ కాంగ్ వెళ్తున్నాను.