ప్రశాంతి పిస్టల్‌కి కొత్త పిడి

2022 ఎండాకాలం. నందిగామలో హైవే పక్కన నా వర్క్‌షాపు. లైసెన్సున్న తుపాకులకు రిపేర్లు చేస్తాను. ఆ మాట వినగానే జనం నా వంక అనుమానంగా చూస్తారు గానీ, నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కాగితం మీది వలయాలను కాల్చే క్రీడాకారులే.

ఆ రోజు జగ్గయ్యపేట నుంచి ప్రశాంతి వచ్చింది, వెంట వాళ్లమ్మ రూతమ్మగారు. ప్రశాంతి స్కూల్లో పీఈటీ. పాయింట్ టూటూ రిమ్‌ఫైర్ పిస్టల్‌తో రాష్ట్ర జట్టుకు ఆడింది. రిమ్‌ఫైర్ అంటే అడుగు అంచు మీద దెబ్బ తగిలితే పేలే చిన్న తూటా. ఏడాది కిందట కీసర దగ్గర స్కూటీ మీంచి పడి ఆమె కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ చూపుడువేలికి బలం రాలేదు.

"ట్రిగ్గర్ మార్చి బాగా లైట్ చెయ్యండి సార్. గ్రిప్ కూడా కొత్తది వెయ్యండి. ఈసారీ నా వల్ల కాకపోతే పిస్టల్ అమ్మేస్తా" అంది.

"పోటీలకు వాడే మ్యాచ్ ట్రిగ్గర్ వేస్తానమ్మా, మెత్తగా ఉంటుంది. నొక్కడానికి పట్టే బలం మాత్రం కిలో కంటే తగ్గించను. పోటీకి ముందు ట్రిగ్గర్‌కి కిలో బరువు తగిలించి చూస్తారని నీకు తెలుసుగా?"

"తెలుసండి" అంటూ కళ్లు తుడుచుకుంది. నాకు జాలేసింది.

ట్రిగ్గర్ బిగించాను. గ్రిప్ అంటే చెక్క పిడి. ఆమె కుడిచేతి కొలతలు తీసి, దాన్ని వారం పాటు చెక్కాను. మళ్లీ తల్లీకూతుళ్లను పిలిపించి, ఖాళీ పిస్టల్‌తో గోడ మీది చుక్కకు గురిపెట్టమన్నాను. పిడి చేతికి అతికినట్టుంది. అయినా ట్రిగ్గర్ నొక్కే క్షణాన గురి పక్కకు జారిపోయింది. పైగా తల ఒక పక్కకు వంచి, ఎడమకన్నుతో చూస్తోంది.

"ఆ కన్నుతోనేంటమ్మా?"

"మొదట్నుంచీ అంతేనండి. కోచ్ తిట్టేవారు కూడా."

"ఎడంచేత్తో ఎప్పుడైనా పట్టుకున్నావా?"

"ఎడంచేత్తోనా? నాకా అలవాటే లేదండి."

రూతమ్మగారు మధ్యలో అందుకున్నారు. "ఉండేదండి అన్నయ్యగారూ. చిన్నప్పుడు దీనిది పుర్రచేతి వాటమే. పలక మీద రాసినా, అన్నం కలిపినా ఆ చేత్తోనే. నలుగురూ నవ్వుతారని నేనే కొట్టి మాన్పించా."

"నాకు గుర్తే లేదమ్మా" అంది ప్రశాంతి.

"నీకు నాలుగేళ్లు. నాకుంది గుర్తు" అన్నారావిడ.

పిస్టల్ ఎడమచేతికిచ్చాను. కుడిచేతి పిడి కదా, అరచేతిలో గుచ్చుకుంది. అయినా ట్రిగ్గర్ నొక్కితే గురి కదల్లేదు. వారం రోజుల నా చాకిరీ వృథా అయినందుకు ఒళ్లు మండింది, ఆ పిల్ల మొహం చూసి సంతోషమూ వేసింది. మళ్లీ కొత్త చెక్క తీశాను.

ఎడమచేతి పిడి తయారయ్యాక, రూతమ్మగారే పిస్టల్ అందుకుని కూతురి ఎడమచేతిలో పెట్టారు. "దీంతోనే పట్టుకోవే" అన్నారు.

ఆ ఏడాది ప్రశాంతికి సెలక్షన్ రాలేదు. పిస్టల్ మాత్రం అమ్మలేదు. మరుసటేడు మళ్లీ జట్టులోకి వచ్చింది.

ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా, కొలతలు తీసేముందు చిన్నప్పుడు అన్నం ఏ చేత్తో కలిపేవారని అడుగుతాను. గుర్తులేదంటే ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడగమంటాను. చాలామంది నవ్వుతూనే ఫోన్ చేస్తారు. పెట్టేశాక మాత్రం ఒకరిద్దరు నవ్వడం మానేసి, కొలతలకు ఎడంచేయి చాపారు.