జపాన్ పూలకూజా కోసం ప్రొద్దుటూరు దాకా

ఉదయం ఆరున్నరకు పులివెందుల బస్టాండులో జమ్మలమడుగు బస్సు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తగలదు. బస్సు ముద్దనూరులో ఆగితే ఉగ్గాని తినండి. బస్సులో సగం మంది గండికోట చూడబోయేవాళ్ళే. నేను బయల్దేరింది ఒక పూలకూజా కోసం.

అది నా భార్య సరోజది. టీచరుగా ఉన్నప్పుడు తోటివాళ్ళతో జపాన్ వెళ్ళి, బిజెన్ అనేచోట కొనుక్కొచ్చింది. అక్కడి కుమ్మరులు వీటికి మెరుగు పూయరట. గడ్డి చుట్టి బట్టీలో పెడితే, గడ్డి ఆనినచోటల్లా ఎర్రటి చారలు పడతాయి. మంట ఎలా వదిలితే అలాగే ఉంచుతారు, గరుకుతో సహా. అందులో ఒక్క పువ్వే పెట్టాలనేది సరోజ. మా పక్క తంగేడుకు కరువు లేదు కదా, రోజూ ఒక రెమ్మ పెట్టేది. కూజా మెడ కింద కుమ్మరి వేలు నొక్కిన గుంట ఒకటి ఉండేది. నీళ్ళు మార్చేటప్పుడు ఆమె బొటనవేలు అందులోనే ఆనించేది.

జమ్మలమడుగు ఆసుపత్రిలో చివరి రోజుల్లోనూ అది ఆమె మంచం పక్కనే ఉంది. ఆమె పోయాక చూడలేక మరదలు లక్షుమ్మ చేతికి ఇచ్చేశాను. ఇప్పుడు సరోజ గొంతు కూడా నాకు సరిగ్గా గుర్తుకు రావడం లేదు. భయం వేసింది. ఆ గుంటలో ఒకసారి నా వేలు పెట్టుకోవాలనిపించింది.

"యాడికి పోతాండావప్పా?" అన్నాడు పక్కసీటులోని గొర్రెల కాపరి. కూజా తెచ్చుకోవడానికన్నాను.

"కూజాకు ఇంత దూరమా? పులివెందుల్లో దొరకలేదా?"

జమ్మలమడుగులో దిగి లక్షుమ్మ ఇంటికి నడిచాను.

లక్షుమ్మ గడపలోనే ఎదురొచ్చింది. "కూజా ఈడ లేదు బావా, ప్రొద్దుటూరులో ఉండాది. సంగటి తిను, ఇద్దరం పోదాం" అంది. ఎందుకక్కడుందంటే చెప్పలేదు. దారి పొడుగునా ఏదో సంబరంగా కూర్చుంది.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక సందులో ఒక పనివాడి కొట్టు. అతను గుడ్డ విప్పాడు. ధగధగా మెరిసిపోతున్న ఆ వస్తువును నేను గుర్తుపట్టలేదు.

"దాని మింద అంతా ఎర్రగా బీటలే కదా బావా. పగిలింది ఇంట్లో ఉండకూడదు, పారేయమనింది మా అత్త. అక్క వస్తువును ఎట్ల పారేసేది? అందుకే బాగు చేపిచ్చినా" అంది లక్షుమ్మ.

"గరుకంతా అరగదీసినామప్పా" అన్నాడు పనివాడు. "గుంటలుంటే లప్పంతో పూడ్చి, మింద బంగారు రేకు అతికిచ్చినాం. ఇంగ యాడా మచ్చ కనపడదు."

నా బొటనవేలు మెడ కింద వెతికింది. చుట్టూ తిప్పి మళ్ళీ వెతికింది. అంతా నున్నగా ఉంది.

అవి బీటలు కావని చెప్పబోయి లక్షుమ్మ వైపు తిరిగాను. ఆమె చెవులకు కమ్మలు లేవు, వేపపుల్లలు ఉన్నాయి. ఆ రేకు ఎక్కడి బంగారమో అప్పుడు అర్థమైంది.

"బాగుందా బావా?"

"శానా బాగుందమ్మా" అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమెను జమ్మలమడుగు బస్సెక్కించి, నేను పులివెందుల బస్సు కోసం నిలబడ్డాను.

ఈ మూడు ఊళ్ళూ ఒక్కరోజులో తిరిగి రావచ్చు. సాయంత్రం పులివెందులకు బస్సులకేం లోటు లేదు, సీటు దొరకడమే కష్టం. ప్రొద్దుటూరులో ఎర్రకారం దోశ తినమని అందరూ చెబుతారు. నేను తినలేదు. ఎవరి మీదైనా కోపం వచ్చి ఉంటే కొంచెం తేలికపడేవాణ్ణి. కోపగించుకోవడానికీ ఎవరూ లేరు. ఇంటికెళ్ళి దీన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. తంగేడు రెమ్మ ఇందులో పెట్టడానికి నాకు చేతులు రావు.

ముద్దనూరు దాటాక పక్కనున్న ఆడమనిషి నా ఒడిలోకి వంగి చూసింది.

"ఏందన్నా అది, అంత మెరుస్తాంది? యాడిది?"

జపాన్ అని చెప్పడానికి దాని మీద చూపించేందుకు ఏమీ మిగల్లేదు.

"ప్రొద్దుటూరుదేనమ్మా" అన్నాను.