డాక్టరు రాసేదాకా నొప్పే

హనుమకొండ సుబేదారిలో ఓ చిన్న ఆఫీసులో నేను మెడికల్ కోడర్‌ని. అమెరికా డాక్టర్లు రాసిన రిపోర్టులు చదివి, బీమా బిల్లుల కోసం భుజాల దెబ్బలకు తగిన కోడ్‌లు వేయడం మా టీమ్ పని. డాక్టరు రాయనిదేదీ మేం ఊహించకూడదు; కీలు జారిందని ఆయన రాయకపోతే మా లెక్కలో అది ఉత్త భుజం నొప్పే. ఆ నియమం మాకు ఒంటబట్టిపోయింది.

మొన్న వానాకాలంలో ఆఫీసు మెట్ల మీద జారిపడ్డాను. కుడి భుజం ముందుకు పొడుచుకొచ్చింది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. టీమంతా చుట్టూ చేరింది.

"కీలు జారింది. దవాఖానకు పోదాం పట్టుండ్రి" అన్నాను.

"జర ఆగన్నా. డాక్టర్ రాయకముందే జారిందని ఎట్లంటవ్?" అన్నాడు పక్క సీటు శ్రీకాంత్.

"ఇప్పటికైతే భుజం నొప్పే. షిఫ్ట్ అయినంక పోదాం" అంది టీమ్ లీడర్ రజిత. రూలు ప్రకారం ఆమె మాట కరెక్టే. అంత బాధలోనూ నేను కాదనలేకపోయాను.

ఇంతలో మా ఆవిడ ఫోన్ చేస్తే శ్రీకాంత్ ఎత్తి, "ఫికర్ జెయ్యకు వదినా, భుజం నొప్పంతే" అని నిజాయితీగా చెప్పాడు. మా ఇల్లు వెనక వీధిలోనే. ఆమె నొప్పుల నూనె సీసాతో వచ్చి, "నొప్పికే ఇంత లొల్లా?" అంటూ నా చొక్కా గుండీ విప్పింది. భుజం చూడగానే సీసా జారవిడిచింది.

"ఇది నొప్పా? మీ అందరి కండ్లు పోయినయా?"

ఆ అరుపుకి రోడ్డు మీద పోయే ఆటో తనంతట తానే ఆగింది.

కీలు సర్దిన డాక్టరు, ఇంకాస్త ఆలస్యమైతే నరం దెబ్బతినేదన్నాడు.

"పొద్దంతా భుజాలే చూస్తరు గదా, ఒక్కరికీ కనవడలేదా?" అంది ఇంటికొస్తూ మా ఆవిడ.

మేం చూసేది భుజాలను కాదు, వాటి గురించి రాసినదాన్ని అని చెబుదామనుకున్నాను. రెండో భుజమైనా బాగుండాలని ఊరుకున్నాను.